ఇంట్లో మగ్గులు, టీషర్టుల ప్రింటింగ్ కిట్: ప్రెస్సు మిషన్ కొనండి, ప్రింటరు మాత్రం ఆలోచించి కొనండి

ఫైవ్ ఇన్ వన్ సబ్లిమేషన్ కిట్ అని ఆన్‌లైన్లో అమ్ముతుంటారు కదా, వేడితో నొక్కి బొమ్మ దించే హీట్ ప్రెస్సు మిషను (టీషర్టుల పలక, మగ్గుది, ప్లేట్లవి, టోపీది అని దానికి అటాచ్‌మెంట్లు మార్చుకోవచ్చు, అందుకే ఫైవ్ ఇన్ వన్), ఇంకు ట్యాంకు ప్రింటరు, నాలుగు రంగుల ఇంకు బాటిళ్లు, ఒక కట్ట పేపరు, టేపు, శాంపిలుకి కొన్ని తెల్ల మగ్గులు అన్నీ కలిపి ఒకే ఆర్డరులో పంపిస్తారు, దాని గురించే ఇదంతా. కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా ఉపయోగం లేదు, ఎందుకంటే అచ్చం అదే మిషను వేరే వేరే పేర్లతో వేరే వేరే రేట్లకు కనిపిస్తోంది, మారేది స్టిక్కరు ఒక్కటే. మేం ఉండేది తిరుపతిలో ఎమ్మార్ పల్లి వైపు. నేనూ మా మరిదీ కలిసి ఇంట్లోనే చేస్తుంటాం, పుట్టినరోజు మగ్గులు, కాలేజీ పిల్లల ఫేర్‌వెల్ టీషర్టులు, కొండకు నడిచివెళ్లే బృందాల టీషర్టులు ఇలాంటివి. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా. ప్రెస్సు మిషను పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ప్రింటరు, ఇంకు మాత్రం వారం వారం ఆర్డర్లు ఉండేవాళ్లకే. లేదంటే ప్రింటు బయట తీయించుకుని ఇంట్లో ప్రెస్సు చేసుకోవడమే మేలు. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

ముందు ఇంకు సంగతి తెలియాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు ఇది సరిగ్గా చెప్పరు. "దేని మీదైనా ప్రింటు చేసుకోవచ్చు" అని వీడియోల్లో ఊదరగొడతారు, అది నిజం కాదు. ఇది మామూలు ఇంకు కాదు. కర్పూరం కరిగి నీళ్లు కాకుండా నేరుగా ఆవిరైపోతుంది చూడండి, ఈ రంగు కూడా అంతే, దీన్నే సబ్లిమేషన్ అంటారు. పేపరు మీద గట్టిగా ఉన్నది 180 నుంచి 200 డిగ్రీల వేడి తగిలేసరికి ఆవిరై ఎదురుగా ఉన్న పాలిస్టర్ లోపలికి దూరి అక్కడే ఉండిపోతుంది. పైన పొరలా అతుక్కోదు కాబట్టి గోటితో గీకినా రాదు, చేత్తో తడిమితే అక్కడ ప్రింటు ఉందని కూడా తెలీదు. పద్ధతి కొత్తదేమీ కాదు, 1950ల చివర్లోనే ఫ్రాన్సులో బట్టల మీద మొదలైంది, ఇప్పుడు ఇళ్లల్లోకి వచ్చింది. కానీ పాలిస్టర్ ఉండాల్సిందే. నూలు బట్ట ఈ రంగును పట్టుకోదు, ఒక ఉతుకుకే వెలిసిపోతుంది. మరి మగ్గు పింగాణీ కదా అంటారా, ఈ పనికి అమ్మే మగ్గుల మీద కంటికి కనిపించని, పాలిస్టర్ లాంటి పాలిమర్ పూత ఉంటుంది, రంగు దిగేది ఆ పూతలోకి. పాత్రల షాపులో కొన్న మామూలు కాఫీ కప్పు తెచ్చి ఇస్తే ఎంత వేడి పెట్టినా లాభం లేదు. ఇంకోటి, ఈ ఇంకుల్లో తెలుపు ఉండదు. డిజైన్లో తెల్లగా కనిపించేదంతా బట్టదో మగ్గుదో సొంత తెలుపు. అందుకే నల్ల టీషర్టు మీద వేసివ్వమంటే కుదరదని చెప్పాల్సి వస్తుంది, వినేవాళ్లకు మనకు పని రాదేమో అనిపిస్తుంది.

ఇక మగ్గు. కిట్టులో నాకు బాగా నచ్చింది ఇదే. డిజైను సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల ఎత్తు పెట్టుకుని, అద్దంలో కనిపించినట్టు తిరగేసి ప్రింటు తీయాలి. పేపరు మీద వచ్చింది చూస్తే మొదటిసారి ఎవరికైనా గుండె జారుతుంది, నలుపు బూడిద రంగులో ఉంటుంది, ఎరుపు ఇటుక రంగులో ఉంటుంది, ముఖాలు జ్వరం వచ్చినట్టు పాలిపోయి ఉంటాయి. కంగారు పడక్కర్లేదు, అసలు రంగు వేడి తగిలాకే. మగ్గును స్పిరిట్టుతో తుడిచి, ప్రింటు లోపలివైపు ఉండేట్టు పేపరు చుట్టి, పిడికి అటూ ఇటూ హీట్ టేపు వేసి లాగి బిగించాలి. ఇక్కడే ఓపిక కావాలి. పేపరుకూ మగ్గుకూ మధ్య ఎక్కడైనా గాలి ఉందంటే అక్కడ ప్రింటు మసకబారుతుంది, పేపరు కదిలితే నీడలాగా రెండో గీత పడుతుంది. తర్వాత మిషన్లో పెట్టి 180 డిగ్రీల దగ్గర సుమారు మూడు నిమిషాలు. బజర్ మోగగానే గ్లవుజు వేసుకుని తీసి, టేపు కొస పట్టుకుని పేపరు ఒక్క లాగుడుకు ఊడదీయాలి. పేపరు మీద రంగు సగం పైగా పోయి ఉంటుంది, మగ్గు మీద అదే ఫొటో తళతళా మెరుస్తూ ఉంటుంది. ఎన్ని చేసినా ఆ క్షణం బాగుంటుంది అనుకోండి. వేడి మగ్గును వెంటనే ఫ్యాను కింద పెట్టొద్దు, చల్లటి నీళ్లలో అసలే ముంచొద్దు, చిట్లిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మిషన్లో లోపాలు. చల్లటి మగ్గు పెట్టగానే డిస్‌ప్లేలో 180 ఉన్నది ఒక్కసారిగా 150 దాకా పడిపోయి మళ్లీ మెల్లగా ఎక్కుతుంది. ఇది ఏ మిషన్లోనైనా ఉండేదే, కానీ మాకొచ్చిన దాంట్లో మగ్గు బిగించగానే టైమరు మొదలైపోతుంది, వేడి మళ్లీ ఎక్కేదాకా ఆగదు. దాంతో కంపెనీ పుస్తకంలో రాసిన టైము పెడితే ప్రింటు వెలవెలబోతుంది. మేం దాని మీద ఇంకో అర నిమిషం కలుపుతాం. వరసగా చేస్తూ పోతే మిషను బాగా కాగి ఉంటుంది కాబట్టి ఆ అర నిమిషం మళ్లీ తగ్గించాలి, లేదంటే నలుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. అంటే స్విచ్చి వేసి పక్కకు వెళ్లిపోయే పని కాదు, దగ్గర ఉండి చూసుకోవాలి. రెండోది, వేడిచేసే పట్టీ మగ్గు పైఅంచు దాకా, కింది అంచు దాకా సమంగా తాకదు. పైనా కిందా వేలెడు జాగా వదిలి డిజైను చేసుకుంటే గొడవ ఉండదు. అంచు నుంచి అంచు దాకా రంగు కావాలని కస్టమర్ పట్టుబడితే ఈ మిషన్‌తో కాదని ముందే చెప్పేయండి. పిడి దగ్గర ఖాళీ ఎలాగూ తప్పదు, పట్టీ అక్కడిదాకా రాదు.

టీషర్టుల పలక సైజు 12 బై 15 అంగుళాలు, పెద్దవాళ్ల టీషర్టు ముందు భాగానికి ఇది సరిపోతుంది. వేడి మధ్యలో బాగానే ఉంది, మూలల్లో మాత్రం తగ్గుతోంది. మా మరిది ఎక్కడినుంచో టెంపరేచర్ గన్ను తెచ్చి కొలిచి చూపించాడు, "చూడు వదినా, నీ నామాలు ఎందుకు వెలిసిపోతున్నాయో" అని. అప్పట్నుంచి డిజైన్లో ముఖ్యమైనదేదీ మూలకు పెట్టడం లేదు. కరెంటు సంగతి కూడా చెప్పాలి. పలక ఒక్కటే 1500 వాట్ల దగ్గర లాగుతుంది, టీవీ పక్కన ఉండే చిన్న ప్లగ్గులో ఎక్స్‌టెన్షన్ బాక్సుతో పెడితే వైరు వేడెక్కిపోతుంది. గీజరుకో ఏసీకో పెట్టే 15 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, అది లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, తర్వాతే మిషన్ ఆర్డరు పెట్టండి.

పాలిస్టర్ టీషర్టు మీద ప్రింటు నిజంగా బాగా వస్తుంది, 195 డిగ్రీల దగ్గర 50 సెకన్లు, అంతే. అయితే ఒట్టి టీషర్టును ముందొకసారి అయిదు సెకన్లు ప్రెస్సు చేసి తేమ తీసేయాలి, దుమ్ము ఉంటే రోలరుతో తీయాలి. ఒక్క నూలుపోగు పేపరు కింద ఉండిపోయినా అక్కడ నీలం చుక్క పడి కూర్చుంటుంది, తెల్ల టీషర్టు మీద ఎంత దూరం నుంచైనా అదే కనిపిస్తుంది. పేపరు అంచులు కత్తెరతో నీటుగా కోస్తే ఆ అంచు గీత బట్ట మీద చతురస్రంగా అచ్చు పడుతుంది, అంచుల్ని చేత్తో చింపి పెడితే పడదు. ఇది కంపెనీ పుస్తకంలో లేదు.

కానీ అసలు ప్రశ్న, తిరుపతిలో పాలిస్టర్ టీషర్టు ఎవరు వేసుకుంటారు? మే నెలలో నలభై దాటిన ఎండలో అలిపిరి నుంచి మెట్లెక్కేవాళ్లకు పాలిస్టర్ తొడిగితే గాలిగోపురం చేరేలోపే మనల్ని తిట్టుకుంటారు. మాకు వచ్చే బృందాల ఆర్డర్లలో చాలావరకు కాటన్ కావాలనే అడుగుతారు, అందులోనూ సగం మందికి పసుపో మెరూనో కావాలి. కిట్టులో ఉన్న ఇంకు ఈ ఆర్డర్లకు దేనికీ పనికిరాదు. పాలిస్టరూ కాటనూ కలిసిన బట్ట మీద వేయొచ్చు, కాకపోతే పాలిస్టర్ ఎంత ఉందో రంగు అంతే నిలుస్తుంది, కాటన్ మీద పడింది ఉతుకుల్లో పోతుంది, చివరికి పాతబడినట్టు కనిపిస్తుంది. కొందరు అదే ఫ్యాషను అంటారు. మా దగ్గరికొచ్చే వాళ్లు అనరు. స్పన్ పాలిస్టర్ అని కాటన్‌లాగే కనిపించే టీషర్టులు తిరుప్పూరు నుంచి వస్తాయి, అవి కాస్త నయం, చెమట పట్టినప్పుడు మాత్రం పాలిస్టరే.

ఇక్కడే డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) షీట్లు మమ్మల్ని ఆదుకున్నాయి. ఫిల్ము మీద రంగులు ప్రింటు చేసి, వాటి వెనక తెలుపు పొర వేసి, దాని మీద జిగురు పొడి చల్లి కాల్చి ఇస్తారు. ఆ ప్రింటరు ఇంట్లో పెట్టుకునేది కాదు, ఖరీదూ ఎక్కువే, చాకిరీ కూడా ఎక్కువే. ఫైలు పంపితే షాపువాళ్లు ప్రింటు తీసి రోలు ఇస్తారు, చిన్న చిన్న డిజైన్లన్నీ ఒకే షీటులో ఇరికించుకుంటే ఒక్కోదానికి ఖర్చు చాలా తగ్గుతుంది. ఇంటికి తెచ్చి కత్తిరించుకుని అదే ప్రెస్సు మిషన్లో 150-160 డిగ్రీల దగ్గర 10-15 సెకన్లు నొక్కి, చల్లారాక ఫిల్ము లాగేసి, పైన బటర్ పేపరు వేసి మళ్లీ ఒకసారి కొద్దిగా నొక్కితే అయిపోయింది. కొన్ని ఫిల్ములు వేడిగా ఉన్నప్పుడే లాగాలి, షాపులోనే అడిగి తెలుసుకోండి. కాటన్, నల్లది, పసుపుది, దేనిమీదైనా అతుక్కుంటుంది. తిరగేసి ప్రింటు తీయడం లాంటి తలనొప్పి షాపువాళ్లే చూసుకుంటారు. సబ్లిమేషన్ అంత మెత్తగా ఉండదు, చేతికి పొర తగులుతుంది, ఛాతీ నిండా పెద్ద బొమ్మ వేస్తే అంతమేరా గాలి ఆడదు. ఉతకడం కూడా తిరగేసి చన్నీళ్లలో ఉతకాలి, ఇస్త్రీ పెట్టె నేరుగా బొమ్మ మీద పెట్టకూడదు. చాకలి బండకేసి బాదితే ఎన్నాళ్లుంటుందో నేను హామీ ఇవ్వను, అదే మాట కస్టమర్లకూ చెప్తాను.

ఇస్త్రీ పెట్టెతో ఇంట్లో కుదరదా అని చాలామంది అడుగుతారు. చిన్న డీటీఎఫ్ లోగో అయితే ఆవిరి ఆపేసి, గట్టి బల్ల మీద నొక్కిపట్టి చేయొచ్చు. సబ్లిమేషన్‌కు వద్దు, ఇస్త్రీ పెట్టెలో వేడి అన్నిచోట్లా ఒకేలా ఉండదు, పెట్టె కదిలిందంటే బొమ్మ కదిలినట్టే. వంట చేసుకునే ఓవెన్లో మగ్గులు పెట్టే వీడియోలు కూడా ఉన్నాయి, ఆ ఓవెన్లో మళ్లీ తినేది వండకూడదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. ప్రెస్సు చేసేటప్పుడు ఒక రకం వాసన, కొద్దిగా పొగ వస్తాయి. మా ఇంట్లో మిషన్ను వెనక వరండా కిటికీ దగ్గరికి మార్చాం, చిన్నపిల్లలున్న ఇంట్లో హాల్లో పెట్టకండి.

ఇప్పుడు ప్రింటరు. కిట్టుతో వచ్చేది మామూలు ఇంకు ట్యాంకు ప్రింటరే, అందులో సబ్లిమేషన్ ఇంకు నింపి ఇస్తారు. ఎప్సన్ ప్రింటర్లనే ఎక్కువగా దీనికి వాడటానికి కారణం ఉంది. వాటి హెడ్డు, అంటే ఇంకును పేపరు మీదకు వదిలే భాగం, ఇంకును వేడిచేసి చిమ్మదు, కరెంటుతో కదిలే చిన్న పీజో ముక్కతో తోస్తుంది. ఇంకును వేడిచేసి చిమ్మే రకం ప్రింటర్లలో ఈ ఇంకు పోస్తే పాడైపోతాయి. వేరే ఇంకు నింపాక ప్రింటరు కంపెనీ వారంటీ వర్తించదు, కిట్టు అమ్మేవాడు ఇస్తానన్న వారంటీ కాగితానికే. ఒకసారి ఈ ఇంకు పోశాక అదే ప్రింటరులో ఆధార్ జిరాక్సులు, పిల్లల ప్రాజెక్టులు తీసుకుందాం అనుకోవద్దు, ఇక అది ఈ పనికే అంకితం.

అన్నిటికంటే పెద్ద చిక్కు, దీన్ని ఖాళీగా ఉంచకూడదు. వారానికి కనీసం ఒక రంగుల పేజీ తీస్తూ ఉండాలి, లేదంటే హెడ్డుకుండే సన్నటి రంధ్రాల్లో, అదే నాజిల్స్‌లో ఇంకు ఎండిపోతుంది. మా ఎండాకాలంలో ఇంకా తొందరగా. పెళ్లికి ఊరెళ్లి వచ్చేసరికి నీలం రంగు గీతలు గీతలుగా వస్తోంది. అమ్మినవాళ్లకు ఫోను చేస్తే క్లీనింగ్ కొట్టండి మేడం అన్నారు, కొట్టాం, మళ్లీ కొట్టండి అన్నారు. ప్రతి క్లీనింగుకూ ఇంకు ఖర్చవుతుంది, ఆ పోయిన ఇంకంతా లోపలున్న స్పాంజిలోకి వెళ్తుంది, అది నిండితే ప్రింటరు తనంతట తానే ఆగిపోతుంది. తర్వాత ఆ నంబరుకు ఫోను ఎత్తడమే మానేశారు. చివరికి ఊళ్లో రిపేరు చేసే అబ్బాయి వచ్చి హెడ్డు శుభ్రం చేసి పెట్టాడు. ఆ అబ్బాయే చెప్పాడు, "ఇంకు బాటిలు మీద డేటే లేదు సామీ, ఎప్పటిదో ఏమో" అని. మాకొచ్చిన బాటిళ్ల మీద నిజంగానే తయారీ తేదీ లేదు. ఇప్పుడు విడిగా తేదీ ఉన్నది చూసి కొంటున్నాం, దానికి సరిపడే, రంగులు సరిగ్గా వచ్చేలా చూసే కలర్ ప్రొఫైలు ఫైలు కూడా ఆ ఇంకువాళ్లనే అడిగి కంప్యూటర్లో వేసుకున్నాం. ఆ ఫైలు లేకుండా ప్రింటు తీస్తే చామనఛాయ ముఖాలన్నీ ఆకుపచ్చకు తిరుగుతాయి. పేపరు కవరు కూడా విప్పి వదిలేయొద్దు, నవంబరు వానల్లో తేమ లాగి మరకలు మరకలుగా దిగుతుంది.

ఖర్చు లెక్క మా అనుభవంలో ఇలా ఉంది. పూత ఉన్న తెల్ల మగ్గు పెట్టెల లెక్కన కొంటే వంద లోపే పడుతుంది. చెన్నైలోని ప్యారిస్ కార్నర్‌లో ఇంకా తక్కువకు దొరుకుతాయి, కాకపోతే బస్సులో తెచ్చేటప్పుడు పగిలేవి కూడా లెక్కేసుకోవాలి. పేపరు, ఇంకు, టేపు, కరెంటు కలిపినా ఇంకో పదీ పదిహేను. అమ్మేది రెండొందల యాభై, మూడొందలు. చూడ్డానికి లాభం బాగుంది, కానీ గీత పడినవి, పగిలినవి, పేరులో అక్షరం తప్పుందని వెనక్కి వచ్చినవి అన్నీ ఇందులోంచే పోవాలి. పేరు తప్పుల గురించి ఒక్క మాట, తెలుగు పేర్లు వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో పంపుతారు, లక్ష్మికి ఎన్ని స్పెల్లింగులో మీకు తెలుసు. మేం తెలుగులో టైపు చేసి ఫొటో పంపి, "ఓకే" అని వాళ్ల చేత రాయించుకున్నాకే మిషను ఆన్ చేస్తాం.

ఈ ఊళ్లో వచ్చే ఇంకో ఇబ్బంది, మగ్గు మీద వెంకటేశ్వర స్వామి బొమ్మ వేయమని యాత్రికులు, బంధువులు అడుగుతారు. మా అత్తమ్మ మొదటి రోజే చెప్పేసింది, "నోటికి పెట్టుకునే కప్పు మీద సామి బొమ్మేందమ్మా, ఎంగిలి కాదా" అని. ఆ మాటలో నాకు న్యాయం కనిపించింది, మేం వేయం. అడిగినవాళ్లకు కావాలంటే ఫొటో పలక మీద వేసిస్తాం, గోడకు పెట్టుకోవచ్చు. అలాగే శ్రీకాళహస్తి కలంకారీ డిజైను స్కాను చేసి పాలిస్టర్ మీద వేసి కలంకారీ అని అమ్మేవాళ్లను చూస్తున్నాను. కరక్కాయ, పాలల్లో నానబెట్టిన నూలు బట్ట మీద కలంతో చేత్తో గీసేది అది, అరగంటలో ప్రెస్సు చేసిన దానికి ఆ పేరు పెట్టి రేటు పెంచడం నాకు నచ్చదు. ప్రింటు అని చెప్పి అమ్ముకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

మొత్తానికి నేనిచ్చే మార్కులు, ప్రెస్సు మిషనుకు అయిదుకు నాలుగు, ఒక మార్కు ఆ టైమరుకు తగ్గించాను. పేపరు, టేపు పర్లేదు. ప్రింటరు, ఇంకు ప్యాకేజీకి రెండు, అమ్మాక సర్వీసుకు సున్నా. విడిగా ప్రెస్సు ఒక్కటే అమ్మేవాళ్లు ఉన్నారు, పండగలకో పుట్టినరోజులకో అప్పుడప్పుడు చేసేవాళ్లు అదే తీసుకోండి, సబ్లిమేషన్ ప్రింట్లు కూడా పేపరుకింత అని తీసిచ్చే షాపులున్నాయి. ఫైవ్ ఇన్ వన్ అన్నదాంట్లో మేం వాడేది రెండే, పలకా మగ్గూ. ప్లేటు అటాచ్‌మెంట్లు అల్మారాలో ఉన్నాయి, టోపీది కవరు కూడా విప్పలేదు. తిరుపతిలో ఎవరికైనా కావాలంటే అడగండి, ఇచ్చేస్తాను.